రఫ్ కాగితాలు

మే 2, శుక్రవారం

ఈరోజు పిల్ల నన్ను ఒక ప్రశ్న అడిగింది.

ఇందులో రాసుకోవడానికి ఏముంది అని ఎవరైనా అనుకోవచ్చు. ఇది ఎవరూ చదవరు కాబట్టి ఎవరూ అనుకోరు. నేను పెళ్ళి చేసుకుని ఈ ఇంటికి వచ్చి ఐదు నెలలు. ఈ ఐదు నెలల్లో మా ఆయన కూతురు నాతో అన్న మాటలన్నీ కలిపినా ఒక పేజీ నిండదు. గీజర్ ఆన్‌లో ఉంది. కొరియర్ వచ్చింది. నాన్న లేటుగా వస్తాడట. అన్నీ వార్తలే. పిలుపు మాత్రం ఉండదు. గుమ్మంలో నిలబడుతుంది, నేను తలెత్తేదాకా చూస్తుంది, అప్పుడు చెప్తుంది. నన్ను ఏమని పిలవాలో ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. పిన్నీ అనమని నువ్వే చెప్పొచ్చుగా అని మా అక్క ఫోన్లో అంటుంది. అడిగి అనిపించుకుంటే అది పిలుపెలా అవుతుంది.

ప్రశ్న ఇది. జూన్‌లో చేరదామనుకుంటున్న హాస్టల్ స్కూల్లో ఇంటర్వ్యూ ఉందట. పాత రచయితల్లో ఎవరిదైనా ఒక పుస్తకం చదివి వచ్చి దాని గురించి మాట్లాడాలట. వాళ్ళిచ్చిన పేర్లలో మేము ఆఫీసులో పెద్దాయన అనుకునే రచయిత పేరు కూడా ఉంది. మీరు ఆఫీసులో ఆయన పుస్తకాలే చూస్తారట కదా, మొదట ఏది చదవాలి అంది.

రేపు చెప్తాను అన్నాను. ఆయన రాసినవన్నీ ప్రూఫులు దిద్దిదిద్ది నా కళ్ళజోడు నంబరు పెరిగింది. అలాంటిదాన్ని రేపు చెప్తాను అన్నాను. ఆ పిల్ల సరే అని వెళ్ళిపోయింది. నేను వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి కట్టేసి మళ్ళీ తిప్పాను.

మంచి పుస్తకం చెప్తే ఇంటర్వ్యూ బాగా చేస్తుంది. బాగా చేస్తే వెళ్ళిపోతుంది. నాకు ఆ పిల్ల వెళ్ళడం ఇష్టం లేదు. ఎందుకు ఇష్టం లేదంటే చెప్పడానికి నా దగ్గర ఆ ఒక్క పేజీ మాటలు తప్ప ఏమీ లేవు.


మే 3, శనివారం

ఆఫీసులో మేము ఆయన పుస్తకాలను అసలు పేర్లతో పిలవం. పడవది, దొంగది, లావుది, కథలవి, ఆఖరిది. పెద్దాయన రచనలన్నీ కలిపి కొత్త సంపుటాలుగా వేస్తున్నాం. ఎవరైనా బయటివాళ్ళు వచ్చి మా మాటలు వింటే చేపల మార్కెట్ అనుకుంటారు.

పడవది అందరికీ నచ్చుతుంది. సరుకు పడవ నడుపుకునే ఒక కుటుంబం, బోలెడు కన్నీళ్ళు. దొంగదైతే నవ్వు. ఒక దొంగకు పొరపాటున బ్యాంకులో కాపలా ఉద్యోగం వస్తుంది. లావుది మూడు తరాల కథ, మొదటి వంద పేజీలూ భూముల కొలతలే. నాకు పద్నాలుగేళ్ళప్పుడు మా మామయ్య ఎంతో ప్రేమగా అదే తెచ్చి చేతిలో పెట్టాడు. తర్వాత పదేళ్ళపాటు పెద్దాయన పేరు వింటే చాలు, నాకు తలనొప్పి వచ్చేది. జీతం కోసం చదవాల్సి వచ్చి అప్పుడు ప్రేమలో పడ్డాను. అందరికీ ఆ జీతం దొరకదు.

ఆఖరిది ఆయన పోయేముందు రాసింది. పూర్తి కాలేదు. చెప్పిందే చెప్తాడు, అందరిమీదా విసుక్కుంటాడు. పదిహేనేళ్ళ పిల్లకు అన్నిటికంటే చివర ఇవ్వాల్సింది అదే. అసలు ఇవ్వకపోయినా నష్టం లేదు.

సాయంత్రం దాకా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. మా ఆయన లిఫ్టులు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజరు. సన్నగా ఉన్నది ఏదో ఒకటి ఇచ్చెయ్, ఎందుకంత హైరానా అన్నాడు. నీ లిఫ్టులో సన్నటి తాడు కడతావా అన్నాను. నవ్వి పేపరు తిప్పాడు.

పిల్ల వచ్చి రఫ్ కాగితాలు అయిపోయాయంది. మా ఇంట్లో తెల్ల కాగితం కొనం. ప్రూఫులు ఒకవైపే ప్రింట్ తీస్తారు. తప్పులు దిద్ది కంప్యూటర్లో ఎక్కించేశాక ఆ కాగితాలతో పనుండదు. ఆఫీసులో పిల్లలున్న వాళ్ళందరం కట్టలు కట్టుకుని తెచ్చుకుంటాం. అక్క పిల్లలు ఆ కాగితాల వెనకే లెక్కలు నేర్చుకున్నారు. ఒక కట్ట తీసి తెల్లవైపు పైకి పెట్టి షెల్ఫ్ మీద ఉంచాను. ఏ సంపుటందో కూడా చూడలేదు.


మే 5, సోమవారం

ఆఫీసులో అందరి తలా తిన్నాను.

ఆయన ఏ వరసలో రాశాడో ఆ వరసలోనే చదవాలన్నాడు మేనేజరు. ఈయన అన్నం తినేటప్పుడు కూడా విస్తరికి ఎడమచివర నుంచి మొదలుపెడతాడు. డీటీపీ ఆవిడ కథలవి ఇమ్మంది, బస్సులో చదువుకోవచ్చట. పిల్ల ఇంటి గేటు దాటదు, బస్సెక్కడ.

గురువుగారు మాత్రం వెంటనే చెప్పలేదు. నాకు ఈ పని నేర్పింది ఆయనే. డెబ్భై దాటినా రోజూ వచ్చి కిటికీ పక్కన కూర్చుంటారు. కళ్ళజోడు తుడుచుకుంటూ, పిల్లకి నవ్వెక్కువా కోపమెక్కువా అని అడిగారు.

తెలీదన్నాను. ఆయన మళ్ళీ ప్రూఫులోకి తలదించేశారు. ఒకే ఇంట్లో ఐదు నెలలు ఉండి తెలీదన్నాను. దానికంటే ఆయన ఒక మాట అని ఉంటే బాగుండేది.


మే 6, మంగళవారం

పడవది ఇచ్చాను. థాంక్సండీ అంది.

ఆ అండీ పొద్దుట్నుంచీ చెవిలో గుచ్చుకుంటోంది.


మే 8, గురువారం, పొద్దున తొమ్మిది

రెండో ప్రశ్న.

డైనింగ్ టేబుల్ మీద ప్రూఫులు పరుచుకుని దిద్దుతున్నాను. పిల్ల పాలు తాగుతూ నా ఎర్ర పెన్ను వైపు చూస్తోంది. ఆ తోకున్న సున్నా ఏంటి అంది. తీసెయ్యమని గుర్తు అని చెప్పాను. నాకు అంత మాట చాలు, డ్యాము గేట్లెత్తినట్టు మొదలుపెట్టాను. అక్షరం చేర్చాలంటే ఇది, పొరపాటున కొట్టేసిన మాటను మళ్ళీ ఉంచాలంటే కింద వరసగా చుక్కలు పెట్టాలి, ఏదైనా అనుమానం వస్తే పక్కన ప్రశ్నార్థకం వేసి చుట్టూ గీత గియ్యాలి, అంటే రచయితని అడగండి అని.

రచయిత చచ్చిపోతే ఎవరిని అడుగుతారు అంది.

గురువుగారు చూసుకుంటారు అన్నాను. తలూపి గ్లాసు కడుక్కుని వెళ్ళింది. నేను తర్వాత ఒక పేజీలో రెండు తప్పులు వదిలేశాను, మళ్ళీ వెనక్కి వెళ్ళి దిద్దాల్సొచ్చింది.


మే 9, శుక్రవారం

పిల్ల స్నానానికి వెళ్ళినప్పుడు చూశాను. బుక్‌మార్క్ పదకొండో పేజీలోనే ఉంది. నిన్నా అక్కడే ఉంది. దొంగచూపులు చూస్తున్నానని సిగ్గుగా ఉంది. రేపు కూడా చూస్తాను.


మే 11, ఆదివారం

పడవది తిరిగొచ్చింది. బానే ఉందండి, కానీ అందరూ చాలా మంచివాళ్ళు అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మంచివాళ్ళయితే తప్పేంటి అన్నాను. తప్పని అన్లేదు కదా అంది. అంతే, లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. మెల్లగానే వేసింది. ధడేలుమని వేసినా బాగుండేది, కోపమెక్కువ అని గురువుగారికి చెప్పుకునేదాన్ని.

మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండా, పుస్తకం నువ్వు రాయలేదుగా అన్నాడు. నిజమే. నేను రాసి ఉంటే ఇంత కోపం వచ్చేది కాదు.


మే 14, బుధవారం

దొంగది ఇచ్చాను. పొద్దున ఇస్తే సాయంత్రానికి అయిపోయింది. లోపల్నుంచి ఒకసారి నవ్వు కూడా వినిపించింది. వంటింట్లో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ నవ్వు మళ్ళీ వస్తుందేమోనని మిక్సీ కూడా వెయ్యలేదు.

పుస్తకం తెచ్చిచ్చేటప్పుడు అడిగాను. నవ్వొచ్చిందండి, కానీ చివర్లో అన్నీ సర్దేశాడు అంది. ఎవరిది వాళ్ళకి ఇచ్చేసి, అందర్నీ కలిపేసి. అలా అన్నీ ఎక్కడ సర్దుకుంటాయి అంది.

వాళ్ళమ్మ పోయేనాటికి ఈ పిల్లకు తొమ్మిదేళ్ళు. ఆ సంగతి పుస్తకం ఇచ్చేముందు నాకెందుకు తట్టలేదు. తప్పొప్పులు పట్టడమే కదా నా ఉద్యోగం.


మే 15, గురువారం

లావుది మాత్రం చచ్చినా ఇవ్వను.


మే 18, ఆదివారం

ఇచ్చాను.

ఎవరూ చూడని చోట కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. పిల్ల టెర్రస్ మీదికి వెళ్ళినప్పుడు లావుది తీసుకెళ్ళి తన టేబుల్ మీద పెట్టాను. అది చదవడం మొదలుపెడితే ఇంటర్వ్యూ రోజుకు కొలతల దగ్గరే ఉంటుంది. అక్కడ వాళ్ళు అడిగితే బిక్కమొహం వేస్తుంది. సీటు రాదు. ఇక్కడే ఉంటుంది. ఇంత చక్కగా లెక్క వేసుకున్నాను. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించగానే పరుగెత్తుకెళ్ళి తీసేశాను.

పిల్ల మంచి కోరితే ఇలా చేస్తారా. నాకు పిల్ల మంచి అక్కర్లేదు, పిల్ల కావాలి. ఆ ముక్క రాశాక నామీద నాకే అసహ్యం వేసింది. బదులుగా కథలవి పెట్టాను. మర్యాదగా పుచ్చుకుంది.


మే 20, మంగళవారం

రఫ్ కాగితాలు మళ్ళీ అయిపోయాయట.

మొన్ననే కదా ఇచ్చాను. ఎన్ని లెక్కలు చేస్తోంది. స్కూలు వాళ్ళు ఇంటర్వ్యూతోపాటు లెక్కల టెస్టు కూడా పెడతారని మా ఆయన అన్నాడు. పొద్దున లేచిన దగ్గర్నుంచి తలుపేసుకుని కూర్చుంటోంది. ఇక్కణ్ణుంచి బయటపడాలని ఎంత గట్టిగా ఉందో. కథలవి పుస్తకం కుర్చీ మీద పెట్టిన చోటే ఉంది, దానిమీద ఉతికిన టవల్ ఆరేసింది.

ఆఫీసు నుంచి ఇంకో కట్ట తెచ్చి పెట్టాను. నిన్ను వెళ్ళగొట్టడానికి నేనే కాగితాలు మోసుకొస్తున్నానే అనుకున్నాను, పైకి అనలేదు.


మే 21, బుధవారం

పప్పులో కాలేశాను.

ఆఖరిది రెండో రౌండ్ ప్రూఫులు, చివరి అధ్యాయాలవి, వాటి మీద గురువుగారి దిద్దుబాట్లున్నాయి. డీటీపీ ఆవిడ ట్రేలో కనిపిస్తే ఎక్కించేసిందనుకుని కట్ట కట్టి ఇంటికి తెచ్చేశాను. ఆవిడ ఎక్కించనేలేదట. పొద్దున ట్రే ఖాళీగా చూసి ఆఫీసంతా తిరగేసింది. దిద్దిన ప్రూఫులు కంప్యూటర్లో ఎక్కించేదాకా బయటికి పోకూడదని రూలు. ఆ రూలు పెట్టించింది నేనే. మేనేజరు గోడకు అంటించిన ఆ రూలు కాగితం వైపు చూశాడు.

ఇంటికి పరుగెత్తుకొచ్చాను. పిల్ల లేదు, కింద షాపుకు వెళ్ళింది. గదిలోకి ఎప్పుడూ అడగకుండా వెళ్ళలేదు, ఈరోజు వెళ్ళాను. రఫ్ కాగితాలు చెత్తబుట్టలో వెతికాను. బుట్టలో ఏమీ లేవు.

టేబుల్ సొరుగు తెరిచే ఉంది. అందులో ఉన్నాయి. ఆఖరిది. బట్టలకు పెట్టే క్లిప్పులతో ఒక్కో అధ్యాయం విడివిడిగా, పేజీల వరసలో. వెనక తిప్పితే ఒక్కో కాగితానికి ఒకటో రెండో లెక్కలు, అవీ సగం సగం. నేను తెచ్చిన కట్టల్లో అన్ని పేజీలూ ఉండవు, కొన్ని అక్క వాళ్ళింటికి పోయాయి. లేని చోటల్లా ఒక తెల్ల కాగితం పెట్టి దాని మీద పేజీ నంబరు రాసుకుంది. దొరికితే అక్కడ పెట్టుకోవడానికన్నమాట.

మంచం అంచున కూర్చున్నాను. నేను పడవా దొంగా అని ఇల్లంతా ప్రదక్షిణాలు చేస్తుంటే ఈ పిల్ల తలుపేసుకుని చదువుతోంది ఇది. ఎవరికీ ఇవ్వకూడదనుకున్నది. చచ్చేముందు ముసలాయన అందరిమీదా విసుక్కుంటూ రాసింది. తల్లి పోయిన ఒక పిల్ల, ఆ తల్లి గదికి తాళం వేసి తాళంచెవి ఎవరికీ ఇవ్వదు. ఎంత బతిమాలినా ఇవ్వదు. మంచిపిల్ల కాదు. పుస్తకం మొత్తంలో ఒక్కసారి కూడా కాదు.

సంతోషమో ఏడుపో తెలీలేదు. రెండూ అని ఇప్పుడు అనిపిస్తోంది.

సొరుగు మూసి బయటికొచ్చేశాను. పిల్ల వచ్చాక, ఆఫీసు వాళ్ళకి ఫలానా పేజీ నుంచి చివరిదాకా కాగితాలు కావాలట, నీ రఫ్‌లో ఉన్నాయేమో చూడు అన్నాను. మొహం తెల్లబోయింది. లోపలికెళ్ళి తెచ్చి ఇచ్చింది, క్లిప్పులు తీసేసి. నేను ఏమీ ఎరగనట్టు తీసుకున్నాను. నటించడం నాకు రాదు. అదృష్టం, ఆ పిల్ల నా మొహం చూడలేదు.


మే 22, గురువారం

కాగితాలు చూడకుండానే డీటీపీ ఆవిడ చేతిలో పెట్టేశాను. వెనక లెక్కలు చూసి ఆవిడ, మీ పిల్ల కూడికలు తప్పులున్నాయి అంది.

మీ పిల్ల అంది. నేను దిద్దలేదు.


మే 24, శనివారం

ఆఖరిది మూడో రౌండ్ వచ్చింది. మొత్తం పుస్తకం, ఒక్క పేజీ పోకుండా. ఇంట్లో చదవడానికని నాకొక కాపీ ఇస్తారు. తెచ్చి, తెల్లవైపు పైకి తిప్పి షెల్ఫ్ మీద పెట్టాను.

రఫ్ కాగితాలు అన్నాను గోడకు చెప్పినట్టు.

స్నానం చేసి వచ్చేసరికి షెల్ఫ్ ఖాళీ.


మే 26, సోమవారం, పొద్దున పదకొండు

ఆఫీసుకు వెళ్ళలేదు. ఇదంతా ఇప్పుడే రాయాలి.

మా ఆయన బయల్దేరాక పిల్ల గుమ్మంలో నిలబడింది. చేతిలో ఒక కాగితం. మొహంలో నెత్తురుచుక్క లేదు. నేనొక తప్పు చేశానండి అంది. ఏంటంటే, ఆఖరిదాంట్లో చివరి అధ్యాయంలో ఒక వాక్యం ఉంటుంది. కాలం గడిస్తే ఎంత దుఃఖమైనా తేలికపడుతుందని కథలోని పిల్లతో మేనత్త అంటుంది. మా పిల్లకు ఒళ్ళు మండింది. టేబుల్ మీద నా ఎర్ర పెన్ను ఉంటే తీసుకుని, నేను నేర్పిన తోక సున్నా పెట్టి కొట్టేసింది. ఊరికే, తనకోసం. ఆ కాగితాలే నేను పట్టుకెళ్ళి డీటీపీ ఆవిడకు ఇచ్చాను. ఎర్ర పెన్ను గుర్తు ఉంటే ఆవిడ ఎవరిదని అడగదు, తీసేస్తుంది. తీసేసింది. మూడో రౌండ్‌లో ఆ వాక్యం లేదు. పెద్దాయన మాట ఒకటి మా పిల్ల చేత్తో పోయింది, అచ్చుకు వెళ్ళబోతోంది.

నేను కొడితే నిజంగా పోయిందండి అంది. పుస్తకం పాడుచేశాను, మీ ఉద్యోగం పోతుందా అంది. రెండు రోజులుగా నిద్రపోలేదట.

నేను కోప్పడాల్సింది. నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. గుర్తు మాత్రం చక్కగా పెట్టావు, లేకపోతే ఆవిడకు అర్థమయ్యేది కాదు అన్నాను. పిల్ల కూడా నవ్వబోయి ఏడ్చింది. నేను దగ్గరికి వెళ్ళాలా వద్దా అని లేచి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచాను. చివరికి నీళ్ళిచ్చాను.

తాగి, మిగతాది ఏదీ అంది.

ఏ మిగతాది అన్నాను. చివరి పేజీలో ఆ పిల్ల తాళం తీసి తలుపు తోస్తుంది, వాక్యం సగంలో ఉంది, తర్వాత పేజీ ఏదీ అంది. మళ్ళీ మీ అక్క వాళ్ళింటికి పోయిందా అంది.

లేదమ్మా, ఆయన అక్కడిదాకా రాసి చనిపోయాడు అన్నాను. ఇంక లేదు. ఫుల్‌స్టాప్ కూడా లేదు. చూడ్డానికి బాగోదు, పెట్టేద్దామని మేనేజరు అంటే గురువుగారు పోట్లాడి ఆపారు.

అంత కోపం నేను ఏ మనిషిలోనూ చూడలేదు. తెలిసీ మొత్తం ఎందుకు ఇచ్చారు అంది. కాగితాలు విసిరికొట్టింది, హాలంతా పడ్డాయి. అందరూ ఇంతే అంది. తర్వాత, కాగితాల మధ్య నిలబడే, వాళ్ళమ్మ గురించి చెప్పింది. ఆ రోజు కడుపులో నొప్పిగా ఉందని ఆటో పిలిపించుకుని వెళ్తూ, స్టవ్ మీద పాలున్నాయి చూస్తూ ఉండు, ఇప్పుడే వస్తా అందట. ఈ పిల్ల చూస్తూ ఉందట. పాలు పొంగకుండా స్టవ్ కట్టేసి, ఆ మాట అమ్మకు చెప్దామని కూర్చుందట. ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదట, పాలు పొంగలేదని.

కాలం, దుఃఖం లాంటివి నోటిదాకా వచ్చాయి. ఆ మాట కొట్టేసిన పిల్ల ఎదురుగా నిలబడి ఉంది కాబట్టి బతికిపోయాను. పొంగలేదా అని మాత్రం అడిగాను. ఒక్క చుక్క కూడా అంది.

ఇద్దరం కింద కూర్చుని పేజీలు వరసలో పెట్టాం. చాలాసేపు పట్టింది. పేజీ నంబర్లు తప్ప వేరే మాట లేదు.


మే 27, మంగళవారం

ఆ వాక్యం ఏం చెయ్యాలి అని పిల్లనే అడిగాను.

అది ఆయనది కదా అంది. ఆ మాట తప్పే, కానీ ఆయనదే అంది. మార్జిన్లో నేను ఆ వాక్యం మళ్ళీ రాసి పెన్ను తనకిచ్చాను. అచ్చుకు చుక్కలు అక్కర్లేదు, నేను రాసింది చాలు. అయినా పిల్ల నాలిక బయటపెట్టి, ఒక్కో మాట కింద ఒక్కో చుక్క, మేనత్త అన్న ప్రతి మాట కిందా శ్రద్ధగా పెట్టింది. తర్వాత పక్కన ప్రశ్నార్థకం వేసి చుట్టూ గీత గీసింది.

రచయితని అడగండి.

ఆఫీసులో గురువుగారికి చూపించాను, జరిగిందంతా చెప్పాను. నేనూ అడుగుదామనుకున్నాను అన్నారు. ప్రశ్నార్థకం కొట్టేసి వాక్యం ఉంచారు. కోపమెక్కువేనండి అని చెప్పాను. అది అర్థమైంది అన్నారు.


మే 29, గురువారం

తండ్రీ కూతుళ్ళు ఇంటర్వ్యూకి వెళ్ళారు. నేను ఇల్లు రెండుసార్లు ఊడ్చాను.

మధ్యాహ్నం వచ్చారు. మా ఆయన చెప్పాడు, గది బయటికే వినిపించిందట. పుస్తకం ముగింపు ఏంటని అడిగితే ముగింపు లేదు అందట. మరి నీకు అసంతృప్తిగా లేదా అని ఇంటర్వ్యూ చేసిన మేడమ్ అడిగితే, ఉంది, అందుకే చదివాను అందట. వీడెవడో గానీ నీ పెద్దాయన గట్టివాడే, పిల్ల చేత అంతసేపు మాట్లాడించాడు అన్నాడు. ఆయన్ని వీడు అనడం ఇంట్లో మొదటిసారి సహించాను.


మే 31, శనివారం

సీటు వచ్చింది.

నా రఫ్ కాగితాలతోనే వచ్చింది. లావుది టేబుల్ మీదే ఉంచేసి ఉంటే వచ్చేది కాదు. అలా అనుకున్నాను, అనుకుని లేచి వెళ్ళి పిల్లతో, నువ్వు వెళ్ళడం నాకు ఇష్టం లేదు అన్నాను. అనేశాను. హక్కులూ గిక్కులూ ఏమీ చూసుకోలేదు.

పిల్ల చదువుతున్న కాగితం బోర్లా పెట్టింది. నాకు కొత్త చోటు చూడాలనుంది, మీ వల్ల కాదు అంది. మొదట మీ వల్లే అప్లై చేశాను, ఇప్పుడు కాదు అంది. ఎంత నిక్కచ్చిగా చెప్పిందో. గాలి తీసేసినట్టయింది, అదే సమయంలో ఊపిరి ఆడినట్టూ అయింది.


జూన్ 8, ఆదివారం

వెళ్ళింది.

ట్రంకులో ఆఖరిది ఉంది, క్లిప్పులతో సహా. అచ్చయ్యాక పుస్తకం పంపుతానంటే వద్దంది, పుస్తకమైతే అందరి దగ్గరా ఉంటుందట.

కారెక్కి, అద్దం దించి, నా వైపు కాకుండా గేటు వైపు చూస్తూ అంది. అక్కడ రఫ్ కాగితాలు కొనుక్కోవాలట. మీ దగ్గరుంటే పంపండి.


జూన్ 14, శనివారం

ఇప్పుడు ఆఫీసులో నడుస్తున్నది లావుది. మొదటి రౌండ్ ఎక్కించేశామని డీటీపీ ఆవిడ చేత రెండుసార్లు చెప్పించుకున్నాను. నేను ఎంచుకోలేదు. ఉన్నదే పంపుతున్నాను. కొలతలతో సహా.

బరువుగా ఉంది, పార్సెల్ ఆఫీసతను ఏముందని అడిగాడు. తెల్ల కాగితాలు అన్నాను.

కట్ట కట్టేముందు ఒక పని చేశాను. కొలతలు అయిపోయి కథ మొదలయ్యే చోట, అర్ధరాత్రి ఆ ఇంటి తలుపు ఎవరో కొడతారు. ఎవరో నూట పన్నెండో పేజీలో తెలుస్తుంది. ఆ పేజీ లాగేసి, దాని చోట ఒక తెల్ల కాగితం పెట్టాను. మీద నంబరు కూడా వేశాను.

తప్పే. కావాలనే చేశాను.


జూన్ 19, గురువారం

ఏమీ లేదు. మా ఆయనకు ఫోన్ చేసి, పార్సెల్ అందిందని చెప్పిందట. అంతే.


జూన్ 23, సోమవారం

కొలతల దగ్గరే ఆగిపోయి ఉంటుంది. నేనూ అక్కడే ఆగిపోయాను కదా. అంత తెలివితక్కువ పని ఎవరైనా చేస్తారా, మా మామయ్య తప్ప.


జూన్ 27, శుక్రవారం, పొద్దున ఆరున్నర

ఫోన్ మోగింది. హలో లేదు, ఎలా ఉన్నారని లేదు, పిలుపూ లేదు. నూట పన్నెండు ఏదీ అని గట్టిగా కోప్పడింది.

వెతకాలి అన్నాను. నా దిండు కింద ఉంది.